ఫోర్ ట్వంటీ నుంచి గంజాయి బ్యాచ్ దాకా: మత్తు మాటలు ఎక్కడ పుట్టి ఎక్కడ తేలాయి

అందరికీ నమస్కారం.

ఈ ప్రసంగం పేరు చూసి ఒకరిద్దరు నాకు ముందే ఫోన్ చేశారు. "ఏం సార్, లైబ్రరీలో గంజాయి గురించి మాట్లాడతారా?" అని నవ్వారు. నేను మాట్లాడేది దాని చుట్టూ పుట్టిన మాటల గురించి. పత్రికలో అనువాదం డెస్కు మీద చాలాకాలం పనిచేశాను. రాత్రి పదింటికి ఏజెన్సీ వార్త వస్తుంది. అందులో 'స్మాక్' అనో 'కోల్డ్ టర్కీ' అనో ఉంటుంది. డెస్కు మీదున్న నిఘంటువు తీస్తే సీమకోడి కనిపిస్తుంది. చల్లటి సీమకోడికీ మత్తు మానేసిన మనిషికీ సంబంధం ఏమిటో తేలదు. అవతల ఎడిషన్ టైమ్ అయిపోతుంటుంది. ఆ టెన్షన్‌లో పట్టుకున్న పిచ్చి ఇది.

ఒక అంకెతో మొదలుపెడతాను. 420.

మా బంధువుల అబ్బాయి చదువు కోసం కాలిఫోర్నియా వెళ్ళిన కొత్తలో అద్దె ఇళ్ళ ప్రకటనలు చూస్తుంటే ఒకదాంట్లో '420 ఫ్రెండ్లీ' అని కనిపించిందట. "బాబాయ్, ఇక్కడ మోసగాళ్ళకు విడిగా ఇళ్ళు ఇస్తారు" అని మెసేజ్ పెట్టాడు. వాణ్ని ఏమంటాం? మన దగ్గర ఫోర్ ట్వంటీ అంటే మోసగాడే. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 420వ సెక్షన్, ఎదుటివాణ్ని మోసం చేసి ఆస్తి రాబట్టుకున్నవాడికి ఏడేళ్ళ దాకా జైలు అంటుంది. కోర్టు గుమాస్తాల నోట్లో నలిగిన ఆ నెంబరు బజారుకొచ్చి తిట్టయింది. హిందీలో 'చార్ సౌ బీస్' అయి, 1955లో రాజ్‌కపూర్ సినిమా పేరులోకే ఎక్కింది. 2024 జులై 1 నుంచి ఆ శిక్షాస్మృతే అమల్లో లేదు. కొత్త న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షన్. అయినా "వాడొట్టి త్రీ ఎయిటీన్ గాడు" అని ఎవరైనా అనగా విన్నారా? చట్టాన్ని మార్చినంత సులువుగా తిట్టును మార్చలేం.

అమెరికాలో 420 అంటే గంజాయి. ఆ అర్థం వేరే దారిలో వచ్చింది. 1971, చలికాలానికి ముందు రోజులు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కౌంటీలో శాన్ రఫేల్ అనే ఊరు. అక్కడి హైస్కూల్లో ఐదుగురు కుర్రాళ్ళు. ఎప్పుడు చూసినా ఒక గోడ దగ్గర చేరి వచ్చేపోయేవాళ్ళ మీద జోకులేసుకునేవాళ్ళు. వాల్ దగ్గర ఉంటారు కాబట్టి తమకు తామే 'వాల్డోలు' అని పేరు పెట్టుకున్నారు. మన ఊళ్ళలో రచ్చబండ బ్యాచ్ లాంటిదన్నమాట. తీరరక్షక దళంలో పనిచేసే ఒకతను పాయింట్ రేయస్ దగ్గర గుట్టుగా గంజాయి మొక్కలు పెంచి, పట్టుబడతానేమోనని వదిలేశాడని వీళ్ళ చెవిన పడింది. మ్యాపు కూడా చేతికొచ్చింది. బడి వదిలి, ఆటల ప్రాక్టీసు అయ్యేసరికి నాలుగు దాటుతుంది. అందుకని సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకు స్కూలు ఆవరణలో లూయీ పాశ్చర్ విగ్రహం దగ్గర కలవాలని అనుకున్నారు. పగలు వరండాలో ఎదురుపడితే "4:20 లూయీ" అని ఒకరికొకరు గుర్తుచేసుకునేవాళ్ళు. కారెక్కి, దారిలో తాము తెచ్చుకున్నది తాగుతూ, వారాల తరబడి వెతికారు. ఆ మొక్కలు దొరకనే లేదు. కొన్నాళ్ళకు 'లూయీ' రాలిపోయింది. రేబిస్ టీకా కనిపెట్టిన మహానుభావుడు ఈ వ్యవహారంలోంచి అలా బయటపడ్డాడు.

ఉత్త 420 మిగిలింది. ఆ అంకెతో వాళ్ళు రకరకాల పనులు చేయించుకున్నారు. "నీ దగ్గర ఉందా?", "తాగి ఉన్నావా?", "పోదామా?" అన్నిటికీ అదే మాట, గొంతు తేడా అంతే. తల్లిదండ్రుల ముందు, టీచర్ల ముందు అనొచ్చు. ఐదుగురి మాట ప్రపంచానికి ఎలా చేరిందంటే, గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం వల్ల. ఆ బృందం శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్-ఆష్‌బరీ పేట వదిలి ఇదే మారిన్ కౌంటీకి మకాం మార్చింది. వాల్డోల్లో ఒకడి అన్నకు ఆ బృందంలో బాస్ గిటార్ వాయించే ఫిల్ లెష్‌తో స్నేహం. కుర్రాళ్ళు రిహార్సళ్ళ దగ్గర తచ్చాడేవాళ్ళు, వేదిక వెనక తిరిగేవాళ్ళు. బృందం ఊరూరా తిరిగితే దాని వెంట వేలమంది అభిమానులు తిరిగేవాళ్ళు. మాట వాళ్ళ నోట పడింది. 1990 డిసెంబరులో ఓక్లండ్‌లో ఆ బృందం కచేరీ బయట పంచిన ఒక కరపత్రం 'హై టైమ్స్' పత్రిక విలేకరి చేతిలో పడింది. 1991లో ఆ పత్రిక దాన్ని అచ్చేసింది. అక్కడితో గుట్టు రట్టయింది.

ఆ కరపత్రంలో ఒక కట్టుకథ ఉంది. గంజాయి తాగేవాళ్ళను పట్టుకునేటప్పుడు పోలీసులు వైర్‌లెస్‌లో వాడే కోడ్ 420 అని. అలాంటి కోడ్ లేదు. కాలిఫోర్నియా శిక్షాస్మృతి 420వ సెక్షన్ ప్రభుత్వ భూమిలోకి వెళ్ళనీయకుండా అడ్డుకోవడం గురించి. ఇంకొందరు గంజాయిలో 420 రసాయనాలున్నాయన్నారు. బాబ్ డిలన్ పాట పేరులో ఉన్న 12నీ 35నీ గుణిస్తే 420 వస్తుందన్నారు. గుణకారం సరిగ్గానే ఉంది, చరిత్రే తప్పు. హిట్లర్ పుట్టింది ఏప్రిల్ 20న కాబట్టి అన్నవాళ్ళూ ఉన్నారు. వాల్డోల దగ్గర మాత్రం కాగితాలున్నాయి. 1970ల తొలినాళ్ళ పోస్టాఫీసు ముద్రలున్న ఉత్తరాలు, 420 అని అద్దిన జెండా. 1974లో వాళ్ళ స్కూలు పత్రికలో ఒక విద్యార్థి జవాబుగా ఆ అంకె అచ్చయి ఉంది. 2017లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు 420ని చేర్చుకున్నప్పుడు ఈ ఆధారాలే అక్కరకొచ్చాయి. మాట పుట్టిన చోటు, సమయం, పుట్టించిన మనుషులు ఇంత కచ్చితంగా దొరకడం యాస చరిత్రలో చాలా అరుదు. మామూలుగా మనకు దొరికేవి పుక్కిటి పురాణాలే.

ఆ తర్వాత ప్రభుత్వాలు కూడా దాని వెంట పడ్డాయి. వైద్యానికి వాడే గంజాయి మీద కాలిఫోర్నియా 2003లో చేసిన చట్టం బిల్లు నెంబరు సెనేట్ బిల్ 420. కొలరాడోలో జాతీయ రహదారి మీద 420వ మైలురాయి బోర్డును ఎత్తుకుపోతూనే ఉంటే, విసిగిపోయిన రోడ్ల శాఖ దాని బదులు 419.99 అని రాసి పాతింది. ఇలాంటి సమయస్ఫూర్తి మన రోడ్లు భవనాల శాఖ చూపించినట్టు నాకైతే గుర్తులేదు.

పోలీసు కోడ్ కథను జనం అంత ఇష్టంగా ఎందుకు నమ్మారు? ఇలాంటి భాష పోలీసులకు దొరక్కుండా ఉండటానికే పుడుతుందని మనందరి ఊహ. ఆ ఊహ సగమే నిజం. అమెరికన్ భాషావేత్త డేవిడ్ మారర్ 1936లో 'అమెరికన్ స్పీచ్' పత్రికలో మత్తుమందులకు బానిసలైన నేరలోకం మనుషుల పరిభాష మీద వ్యాసం రాశాడు. జేబుదొంగలు, జూదగాళ్ళు, టోకరాగాళ్ళు, ఒక్కొక్కరి భాషనూ దశాబ్దాలపాటు సేకరించాడు. ఆయన గమనించింది ఏమిటంటే, వీళ్ళు బయటివాళ్ళ ముందు ఈ మాటలు అసలు వాడరు. వాడితే దొరికిపోతారు కదా! తమలో తాము ఉన్నప్పుడే వాడతారు. అంటే అవి దాచుకునే మాటలు అన్నదానికంటే ఒకరినొకరు గుర్తుపట్టే మాటలు అనడం న్యాయం. మాట పలికిన తీరునుబట్టి వీడు మనవాడా, కొత్తవాడా, పోలీసు మనిషా అని తేలిపోతుంది. ఈ పరిభాషలో సరుకు పేర్లు ఇన్ని ఉండటానికి కారణం కూడా అదే. పాత పేరు ఊరందరికీ తెలిసిపోతే అది పలికినవాడు వెనకబడ్డవాడి కింద లెక్క.

దీనికి చక్కటి ఉదాహరణ జాజ్ కళాకారులు. 1920, 30లలో గంజాయి తాగేవాళ్ళు తమను 'వైపర్' అని పిలుచుకున్నారు, అంటే రక్తపింజరి. పొగ లాగేటప్పుడు వచ్చే బుస శబ్దాన్నిబట్టి ఆ పేరు వచ్చిందంటారు. సిగరెట్టులా చుట్టింది 'రీఫర్'. సరుకు 'టీ', 'గేజ్', 'మగుల్స్'. 1928లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేసిన ఒక వాద్య సంగీతం పేరే 'మగుల్స్'. తర్వాతి కాలంలో హ్యారీ పాటర్ నవలలు చదివినవాళ్ళకు ఈ మాట వింటే వేరే అర్థం తోస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు.

వీళ్ళందరిలో నాకు ముచ్చటైన మనిషి మెజ్ మెజ్‌రో. షికాగోలో పుట్టిన యూదు కుర్రాడు, క్లారినెట్ వాయించేవాడు. సంగీతం ఎంత గొప్పగా వాయించాడన్నది పండితులు తేలుస్తారు గానీ, 1930ల్లో న్యూయార్క్‌లోని నల్లవాళ్ళ పేట హార్లెమ్‌లో మంచి సరుకు కావాలంటే ఆయన దగ్గరికే వెళ్ళేవాళ్ళు. కల్తీ లేదు, తూకంలో మోసం లేదు. దాంతో 'మెజ్' అంటే ముందు నాణ్యమైన గంజాయి, ఆ తర్వాత ఏదైనా నికార్సైనది అనే అర్థం వచ్చింది. 1944లో న్యూయార్క్ మేయర్ లగార్డియా వేయించిన సంఘం నివేదిక బయటికొచ్చింది. అందులో డాక్టర్లు పొడిపొడి మాటల్లో రాసిన ఒక భాగం ఉంది. నగరంలో జనం చేరి గంజాయి తాగే గదులు, వాటిని 'టీ ప్యాడ్'లు అంటారట, సుమారు 500 ఉన్నాయని అంచనా. సరుకులో మూడు రకాలు. అన్నిటికంటే చవకది 'శాస్‌ఫ్రాస్'. మధ్యరకం 'పనటెల్లా', దానికే ఇంకో పేరు 'మెసెరోల్'. మన మెజ్‌రోగారి పేరే అది, కాస్త అరిగిపోయింది. అన్నిటికంటే ఘాటైనది, ఖరీదైనది 'గంజన్'. ఆఫ్రికా నుంచి వస్తుందని వాళ్ళ నమ్మకం. ఆ పేరు వినగానే తెలుగువాడికి ఏం తోస్తుందో నేను చెప్పక్కర్లేదు.

అదే కాలంలో క్యాబ్ క్యాలోవే అనే బ్యాండ్ నాయకుడు 1938లో హార్లెమ్ యాసకు ఒక చిన్న నిఘంటువు వేశాడు. ఇది సరదా పుస్తకమే గానీ, ఒక గుంపు తన మాటలకు తానే నిఘంటువు వేసుకుని అమ్ముకుందంటే అర్థమేమిటి? బయటివాళ్ళకు ఆ గుంపులో చేరాలన్న మోజు పుట్టిందన్నమాట. అక్కణ్నుంచి ఆ మాటలు సంగీతంతోపాటు తెల్లవాళ్ళ కాలేజీలకు వెళ్ళాయి, 1950ల బీట్ కవులకు వెళ్ళాయి, వాళ్ళనుంచి 60ల హిప్పీలకు వెళ్ళాయి. హిప్పీలు కనిపెట్టారనుకునే చాలా మాటలు నల్లజాతి సంగీతకారులు ముందే వాడి పక్కన పెట్టినవి.

ఇక గంజాయి మాట దగ్గరికి వద్దాం. ఇది మన దేశపు ఎగుమతి. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక కరీబియన్ చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1845 మేలో జమైకాలో మొదటి ఓడ దిగింది. 1917 దాకా సుమారు 36 వేలమంది భారతీయులు అక్కడికి వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవులో ఓడెక్కిన భోజ్‌పురీ, అవధీ మాట్లాడేవాళ్ళు. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. రోజంతా చెరకు కొట్టి సాయంత్రం చిలుం వెలిగించుకునే అలవాటు వాళ్ళతో వెళ్ళింది. జమైకాలో నల్లవాళ్ళు ఆ మొక్కనూ చిలుమునూ తీసుకున్నారు, పేరు మార్చకుండా 'గాంజా' అనే అన్నారు. జమైకాలోనే పుట్టిన రాస్తఫారీ మతాన్ని తొలిరోజుల్లో ప్రచారం చేసిన లెనార్డ్ హొవెల్ 1930ల్లో తన కలం పేరు 'గంగన్‌గురు మరాగ్' అని పెట్టుకున్నాడు. మరాగ్ అంటే మహరాజ్. ఆఫ్రికా వైపు చూస్తున్న నల్లజాతి ప్రవక్త, తోటల్లో పక్కన పనిచేసిన మనవాళ్ళ నోట విన్న పేరు పెట్టుకున్నాడు. అక్కణ్నుంచి రెగే సంగీతం 1970ల్లో ఆ మాటను లండన్‌కూ న్యూయార్క్‌కూ మోసుకెళ్ళింది. ఇప్పుడు హైదరాబాదులో, వైజాగ్ బీచ్‌లో బాబ్ మార్లే బొమ్మ టీషర్టు మీద అదే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో కనిపిస్తుంది. వేసుకున్న కుర్రాడు అది జమైకా మాట అనుకుంటాడు. వాళ్ళ తాతను అడిగితే బైరాగుల కథలు చెబుతాడు.

లేనివి ఉన్నట్టు చూపించే మందు ఎల్‌ఎస్‌డీ సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అది అందరూ చెప్పే కథే. స్విట్జర్లండ్‌లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో తయారుచేశాడు, 1943 ఏప్రిల్‌లో దాని ప్రభావం తన మీదే తెలుసుకున్నాడు. రసాయనం పేరులో లైసెర్జిక్ ఆసిడ్ ఉంది కాబట్టి జనానికి అది 'ఆసిడ్' అయింది. 'సైకడెలిక్' మాత్రం వీధిలో పుట్టలేదు. హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు, రచయిత ఆల్డస్ హక్స్‌లీ 1956లో ఉత్తరాల్లో రెండేసి పాదాల పద్యాలు రాసుకుంటూ ఈ మందులకు పేరు పెట్టే పోటీ ఆడారు. హక్స్‌లీ పెట్టిన పేరు 'ఫనెరొథైమ్'. అది నోరు తిరిగే మాట కాదు, ఓడిపోయింది. ఆస్మండ్ గ్రీకులోంచి తీసిన 'సైకడెలిక్' గెలిచింది. ఇద్దరు పెద్దమనుషుల ఉత్తరాల్లో పుట్టిన మాట పదేళ్ళకు శాన్‌ఫ్రాన్సిస్కో పోస్టర్ల మీద వంకర టింకర అక్షరాల్లో తేలింది. దాంతోపాటు 'ట్రిప్', 'బ్యాడ్ ట్రిప్', 'ఫ్రీక్ అవుట్', 'బమ్మర్' వచ్చాయి. ఇప్పుడు మన ఆఫీసుల్లో "మా మేనేజర్ పవర్ ట్రిప్‌లో ఉన్నాడు" అనే అమ్మాయికి ఆ మాట ఎక్కడిదో తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు.

అన్నిటికంటే ఎక్కువ ఊళ్ళు తిరిగిన మాట 'డోప్'. డచ్ భాషలో 'డూప్' అంటే రొట్టె ముంచుకు తినే చిక్కటి పులుసు. అమెరికాలో 19వ శతాబ్దం మొదట్లో అది ఏదైనా చిక్కటి ద్రవం. శతాబ్దం చివరికి, చిలుములో పెట్టి కాల్చే జిగురులాంటి నల్లమందు. గుర్రపు పందేల దగ్గర గుర్రానికి మందు ఎక్కించడం కూడా డోపే. ఏ గుర్రానికి మందు ఎక్కిందో ముందే తెలిసినవాడిది లోపలి సమాచారం, కాబట్టి 1900 ప్రాంతంలో 'డోప్' అంటే గుట్టు సమాచారం అనే అర్థం కూడా వచ్చింది. 1980ల్లో హిప్‌హాప్ కుర్రాళ్ళ నోట 'డోప్' అంటే అదిరిపోయింది అని. మన స్పోర్ట్స్ పేజీలో 'డోపింగ్ టెస్టులో దొరికిన అథ్లెట్' అని రాసేటప్పుడు మేం ఎవరం పులుసు గురించి ఆలోచించలేదు.

'హెరాయిన్' గురించి ఒక్క మాట. డెస్కు మీద పనిచేసినవాళ్ళకు ఇది పీడకల. ఒక దీర్ఘం అటూ ఇటూ అయితే 'విమానాశ్రయంలో హీరోయిన్ పట్టివేత' అవుతుంది. అసలు విషయం ఏమిటంటే ఆ రెండూ అక్కాచెల్లెళ్ళే. 1898లో బేయర్ కంపెనీ దగ్గుమందుగా అమ్మడానికి పెట్టిన వ్యాపార నామం హెరాయిన్. దానికీ హీరోకీ మూలం ఒకటే. తెల్లకోటు వేసుకున్న కంపెనీ పెట్టిన పేరు చివరికి వీధి సందుల్లో స్థిరపడింది.

ఇప్పటిదాకా చెప్పినవి చాలావరకు లోపలివాళ్ళు పుట్టించుకున్న మాటలు. అవి ఎక్కడికి పోయినా కొన్నాళ్ళకు తేలికపడతాయి. హై, ట్రిప్, డోప్, కిక్కు. తెలుగు సినిమా అభిమాని "ఇంటర్వెల్ సీన్ మంచి హై ఇచ్చింది" అంటాడు, పక్కనే కూర్చున్న వాళ్ళమ్మ కూడా ఏమీ అనుకోదు. బయటివాళ్ళు అంటించే మాటల సంగతి వేరు. నాకు అసలు పేచీ వాటితోనే.

అమెరికాలో 20వ శతాబ్దం మొదట్లో డాక్టర్లకు తెలిసిన మందు పేరు 'కానబిస్'. రైతులకు తెలిసిన పంట పేరు 'హెంప్'. 1930ల్లో హ్యారీ ఆన్స్‌లింగర్ నాయకత్వంలోని మాదకద్రవ్యాల శాఖ, పత్రికలు కలిసి ప్రచారంలోకి తెచ్చింది మెక్సికన్ కూలీల మాట, 'మారిహ్వానా'. 1937లో పన్ను చట్టం ఆ పేరుతోనే వచ్చింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తరఫున డాక్టర్ విలియం వుడ్‌వర్డ్ కాంగ్రెస్ సంఘం ముందు అభ్యంతరం చెప్పాడు. మీరు ఈ పేరు వాడుతున్నారు కాబట్టి ఇది తమ మందుకు సంబంధించిన చట్టమని వైద్యులకే తెలియలేదని ఆయన వాదన. ఒక మొక్కకు పరాయి కూలీ పేరు పెడితే, ఆ మొక్క మీది భయం ఆ కూలీ మీదికి కూడా పోతుంది.

మన దగ్గర అలాంటి మాట 'గంజాయి బ్యాచ్'. పదేళ్ళ క్రితం మా డెస్కులో ఇంతగా వినపడేది కాదు. ఇప్పుడు టీవీ స్క్రోలింగుల్లో, రాజకీయ నాయకుల తిట్లలో, వాట్సాప్ గ్రూపుల్లో అదే. గమనించండి, గంజాయి తాగేవాడెవడూ తనను 'గంజాయి బ్యాచ్' అనుకోడు. పక్కా బయటి మాట. పబ్‌లో ఖరీదైన మందులతో పట్టుబడితే వార్త 'రేవ్ పార్టీలో టెకీలు' అని వస్తుంది. వాళ్ళకు ఉద్యోగం ఉంటుంది, ఇంటిపేరు ఉంటుంది, లాయరు ఉంటాడు. బస్తీలో రాత్రి పదకొండింటికి టీకొట్టు దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళు ఒకరితో ఒకరు గొడవపడితే 'గంజాయి బ్యాచ్ వీరంగం'. వాళ్ళ ఒంట్లో గంజాయి ఉందో లేదో పరీక్ష చేసేలోపే శీర్షిక అచ్చయిపోతుంది. శీర్షికలు పెట్టిన చేత్తోనే చెబుతున్నాను, రెండు కాలమ్‌ల వెడల్పులో అది భలే ఇముడుతుంది. అందుకే అది అంత ప్రమాదం.

నేను గంజాయిని వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం, పదేళ్ళకు తక్కువ కాకుండా శిక్ష. సరుకు మోసి దొరికిపోయేది ఎక్కువగా ఏజెన్సీ పిల్లలూ పేద డ్రైవర్లూ. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. ఆ గుట్టల వెనక ఎన్ని కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయో ఊహించుకోండి.

ఆ ఏజెన్సీ నుంచే మన సొంత మాట ఒకటి వచ్చింది. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో పండే ఘాటైన రకం పేరు 'శీలావతి'. భీమవరం చేపల మార్కెట్లో శీలావతి అంటే రోహు చేప, ఇగురు పెట్టుకుంటారు. పాడేరు పోలీస్ స్టేషన్లో శీలావతి అంటే ముద్దాయి దగ్గర దొరికిన సరుకు. పురాణంలో శీలావతి మహా పతివ్రత. ఈ రకానికి ఆ పేరు పెట్టినవాడు ఎవడో గానీ, హాస్యం తెలిసినవాడు. హార్లెమ్‌లో మెసెరోల్‌కూ దీనికీ పెద్ద తేడా లేదు. రెండూ పేరుతోనే నాణ్యతకు హామీ ఇస్తాయి. హైదరాబాద్ నగరంలో అయితే 'మాల్', 'స్టఫ్', 'స్కోర్ చేయడం', 'రోల్ చేయడం'. సగం ఉర్దూ బజారు నుంచి, సగం ఇంగ్లిష్ నుంచి. 'దమ్ము' మాత్రం వీటన్నిటికంటే పాతది. పారశీకంలో ఊపిరి. దమ్ము బిర్యానీలో, దమ్ముంటే రా అన్న సవాల్లో, తెలంగాణలో ఆయాసం వచ్చినప్పుడు అనే దమ్ములో అదే ఊపిరి. గంజాయి తాగేవాళ్ళు దాన్ని పుట్టించలేదు, అద్దెకు తీసుకున్నారు.

ఇప్పుడు బొమ్మలు కూడా వచ్చాయి. 2021లో అమెరికా మాదకద్రవ్యాల శాఖ తల్లిదండ్రుల కోసం ఒక పోస్టరు విడుదల చేసింది, ఏ ఎమోజీకి ఏ మందు అర్థమో చెబుతూ. తల్లిదండ్రులకు మేలే. కానీ ఇందాక చెప్పిన మారర్ లెక్క ప్రకారం, పోస్టరు మీదికి ఎక్కిన రోజునే పిల్లలు వేరే బొమ్మకు మారిపోయి ఉంటారు. మీ పిల్లల ఫోన్లో ఆకు బొమ్మ కనిపించినంత మాత్రాన గుండెలు బాదుకోవద్దు. మొక్కలు పెంచేవాళ్ళూ అదే వాడతారు. పిల్లల్ని కూర్చోబెట్టి అడగడం మేలు.

చివరగా ఒక పని అప్పజెబుతాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారు వృత్తిపదకోశాలు మొదలుపెట్టి, 1962లో వ్యవసాయ పదాల సంపుటం తెచ్చారు. తర్వాత చేనేత పదాలు వచ్చాయి. ఊరూరా తిరిగి, నాగలి భాగాలకు, మగ్గం భాగాలకు ఏ జిల్లాలో ఏమంటారో రాసుకున్నారు. ఆ వరుసలో పేకాట క్లబ్బుల భాషకు, కల్లు కాంపౌండు భాషకు, గంజాయి భాషకు సంపుటం లేదు. ఎవరైనా వేద్దామన్నా ఇప్పటికి దొరికే ఆధారాలు పోలీసు పంచనామాలూ పత్రిక వార్తలూ మాత్రమే. అంటే అన్నీ బయటివాళ్ళు రాసినవే. ఈ హాల్లో డీఎడిక్షన్ కేంద్రంలో పనిచేసే డాక్టరుగారున్నారు, ఇద్దరు లాయర్లున్నారు, హాస్టల్ వార్డెన్లున్నారు, వెనక వరసలో పాతికేళ్ళు దాటని కుర్రాళ్ళున్నారు. మీరు విన్న మాటను ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. ఏ ఊళ్ళో విన్నారు, ఏ సంవత్సరం, ఎవరు ఎవరితో అన్నారు, నవ్వుతూ అన్నారా తిట్టుగా అన్నారా, అంతవరకు చాలు. మనుషుల పేర్లు మాత్రం రాయకండి. నా చిరునామా గ్రంథాలయంవారి దగ్గర ఉంది.

ఇక ప్రశ్నలు అడగండి. వెనక వరసవాళ్ళు ముందు.